నోక్టువా రెడక్స్ ఫ్యాను: పాలకొల్లులో నాలుగేళ్ల వాడకం

పదో తరగతి పిల్లల కోసం లెక్కల పాఠాలు రాత్రి పది దాటాక రికార్డు చేస్తుంటాను. మా వీధి చివర రైసు మిల్లు ఆగేది అప్పుడే. సీలింగ్ ఫ్యాను కూడా ఆపేస్తే గదిలో మిగిలేది కంప్యూటరు క్యాబినెట్ ఫ్యాను రొద ఒక్కటే. క్యాబినెట్‌తో వచ్చిన ఫ్యాను రెండేళ్లకే గరగరమంది. ఆ చప్పుడు తీసెయ్యడానికి సాఫ్ట్‌వేర్ వాడితే నా గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టుండేది. అందుకే 2021లో నోక్టువా కంపెనీ ఫ్యాను, ఎన్‌ఎఫ్-పీ12 రెడక్స్-1700 తెప్పించాను. 120 మిల్లీమీటర్ల సైజు, నాలుగు పిన్నుల పీడబ్ల్యూఎం రకం, అంటే వేడిని బట్టి దీని వేగాన్ని కంప్యూటరే తగ్గించి పెంచగలదు. అప్పట్లో 1,400 రూపాయల పైచిలుకు పడింది.

బిగించడం నాలుగు స్క్రూల పని. నేను మాత్రం మొదటిసారి తిరగేసి బిగించాను. పాఠం మధ్యలో ప్రాసెసర్ వేడి పెరిగిపోతుంటే అనుమానమొచ్చి, అగరుబత్తి వెలిగించి ముందు జాలీ దగ్గర పట్టుకున్నాను. పొగ లోపలికి పోవాల్సింది, నా మొహం మీదకి వచ్చింది. మోటారుని పట్టుకుని ఉండే సన్న కాళ్లు ఫ్యానుకి ఏ వైపు ఉంటే గాలి ఆ వైపుకి పోతుంది. ముందు భాగంలో పెట్టే ఫ్యానుకి ఆ కాళ్లు క్యాబినెట్ లోపలి వైపు ఉండాలి.

సరిగ్గా బిగించాక కూడా సన్నటి జుమ్మనే మోత వచ్చింది. ఫ్యాను మీద వేలు పెడితే ప్రశాంతంగానే ఉంది, అదిరేది క్యాబినెట్ రేకు. స్క్రూలు తీసి రబ్బరు పిన్నులు వేస్తే ఆ మోత పోయింది. అవి ఈ రెడక్స్ పెట్టెలో రావు, విడిగా కొనుక్కోవాలి. ఇంత ధర పెట్టినప్పుడు నాలుగు రబ్బరు పిన్నులు ఇవ్వాల్సింది.

కంపెనీ లెక్క ప్రకారం 1700 ఆర్‌పీఎం (నిమిషానికి 1700 చుట్లు) దగ్గర చప్పుడు 25.1 డెసిబెల్స్. ఆ వేగంలో గాలి హోరు స్పష్టంగా వినిపిస్తుంది, నిశ్శబ్దం అనలేను. కంప్యూటరు మొదలయ్యేటప్పుడు తెరిచే బయోస్ సెట్టింగుల్లో, ఫ్యాను తీగ గుచ్చిన హెడర్‌ని పీడబ్ల్యూఎం మోడ్‌కి మార్చి, ప్రాసెసర్ వేడి 55 డిగ్రీలయ్యే దాకా 700 ఆర్‌పీఎం దాటకుండా పెట్టుకున్నాక అసలు సుఖం తెలిసింది. మొదటి రాత్రి పక్క గదిలోంచి అమ్మ, "ఏరా, అప్పుడే కట్టేశావా?" అనడిగింది.

ఇక శుభ్రం చేయడం. మన డెల్టాలో ఫ్యాను కొన్నంత మాత్రాన సరిపోదు, దీన్ని చూసుకోవాలి. కోతలయ్యాక మిల్లు నుంచి వచ్చే ఊక నలుసు, తవుడు పొడి ముందు జాలీకి పడతాయి. పొడిగా ఉన్నప్పుడు దులిపితే పోతాయి. వానలు మొదలై తేమ తగిలిందా, రెక్కల అంచున మెత్తటి ముద్దలా అతుక్కుంటాయి. ఒక రెక్కకి ఎక్కువ, ఇంకో రెక్కకి తక్కువ పట్టిందంటే తూకం తప్పి మళ్లీ అదురు మొదలు. అందుకని సార్వా కోతల తర్వాత సంక్రాంతికి ఒకసారి, దాళ్వా అయ్యాక మృగశిర కార్తెకి ముందు ఒకసారి విప్పుతాను. ప్లగ్గు తీసేసి, మెత్తటి పెయింటు బ్రష్షుతో దులిపి, అంటుకున్నదాన్ని బాగా పిండిన తడిగుడ్డతో తుడుస్తాను. పూర్తిగా ఆరాకే బిగిస్తాను.

రెండో ఏడు ఒక షాపులో శుభ్రం చేయిస్తే, రెక్కలు పట్టుకోకుండా బ్లోయరు కొట్టారు. ఫ్యాను గిర్రున తిరుగుతుంటే నా ప్రాణం ఉసూరుమంది. అలా తిరిగితే బేరింగుకి ప్రమాదం. అదృష్టం కొద్దీ ఏమీ కాలేదు. అప్పటి నుంచి నేనే ఒక వేలు రెక్క మీద ఆనించి బ్లోయరు వాడుతున్నాను. పాత ఫ్యాన్లకి పోసినట్టు దీనికి కుట్టుమిషను నూనె పొయ్యకండి, బేరింగు మూసేసి ఉంటుంది.

ఎండాకాలం సీలింగ్ ఫ్యాను తిరుగుతుంటే మామూలు ఫ్యానుకీ దీనికీ తేడా తెలియదు. రికార్డింగ్ పని లేనివాళ్లకి ఇంత ధర అక్కర్లేదనే అంటాను. నాకు మాత్రం పుష్యమాసం రాత్రుళ్లు, తలుపులు మూసి మైకు ఆన్ చేశాక, హెడ్‌ఫోన్స్‌లో వినిపించేది నా ఊపిరే. వారంటీ ఆరేళ్లు, ఇంకా రెండేళ్లుంది. వెనక ఫ్యాను ఇంకా పాతదే, అది ఈ మధ్య గరగరమంటోంది. ఈసారి రబ్బరు పిన్నులు కూడా కలిపే ఆర్డరు పెట్టాను.