కింగ్స్ గాంబిట్ కోర్సు కొన్నా, ఎదుటోడు బంటు తీసుకోడే!

సేల్‌లో 799కి వస్తుందని కింగ్స్ గాంబిట్ (చెస్‌లో తెల్లపావులవాళ్ళు ఈ4, ఈ5 తర్వాత రెండో ఎత్తుకే ఎఫ్4 బంటుని ఎర వేసే ఓపెనింగ్) వీడియో కోర్సు ఒకటి కొన్నా, పేరెందుకులెండి. ఆన్‌లైన్ ర్యాపిడ్ గేముల్లో 1400 రేటింగ్ దగ్గర కొట్టుమిట్టాడే బాపతు నేను. మొదటి మూడు గంటలు మన ఎఫ్4 బంటు తిన్నోణ్ణి ఎలా చితక్కొట్టాలో చూపించాడు, చూస్తుంటే ఒళ్ళు పులకరిస్తుంది, తీరా ఆడదామని కూర్చుంటే తీసుకునేవాడే తక్కువ.

ఎక్కువమంది రెండో ఎత్తుకే బిషప్ సీ5 పెట్టేస్తారు. ఈ5 బంటు ఊరికే ఉంది కదా అని కొట్టామో, క్వీన్ హెచ్4 చెక్, జీ3 అడ్డం పెడితే క్వీన్ ఈ4 బంటు తినేసి మళ్ళీ చెక్, మూలనున్న ఏనుగు గోవిందా. కోర్సుకి ముందు నాలుగుసార్లు ఇలాగే పోయింది నాకు (ఒకసారి మా తమ్ముడి మీద, వాడింకా దెప్పుతాడు). ఈ వీడియో మాత్రం సూపర్. ఆ బిషప్ జీ1 గడి మీద కన్నేసి ఉన్నంతసేపు అటువైపు కాస్లింగ్ (రాజుని ఏనుగు వైపు రెండు గళ్ళు జరిపి దాచడం) కుదరదు కాబట్టి రెండు గుర్రాలూ తీసి, బిషప్ సీ4, డీ3 ఆడి, నిదానంగా గుర్రాన్ని ఏ4కి తోలి ఆ బిషప్‌ని లేపేయమంటాడు. సింపుల్, గుర్తుంటుంది.

ఫిషర్ డిఫెన్స్ వీడియోకైతే డబ్బులు వచ్చేసినట్టే. 1960లో అర్జెంటీనాలోని మార్ డెల్ ప్లాటాలో స్పాస్కీ (ఫిషర్, ఇతనూ ఇద్దరూ తర్వాత ప్రపంచ ఛాంపియన్లే) మీద ఈ గాంబిట్‌కే ఓడిపోయి, 1961లో ఈ ఓపెనింగ్ పనైపోయిందని ఏకంగా వ్యాసమే రాశాడు కదా ఫిషర్, అందులో చెప్పిందే ఈ డిఫెన్స్: బంటు తీసుకుని, మన గుర్రం ఎఫ్3కి వచ్చాక మూడో ఎత్తు డీ6. తర్వాత డీ4 జీ5, హెచ్4 జీ4 అయ్యాక మన గుర్రం ఈ5కి దూకలేదు, ఆ డీ6 బంటు కాపలా. అందుకని జీ1కి, పుట్టింటికే పంపించేయమంటాడు! మొదట నవ్వొచ్చింది గానీ సెంటర్ మనది, ముందుకురికిన ఎఫ్4, జీ4 బంట్లని కాపాడుకోలేక వాళ్ళే చస్తారు, ఆడి చూస్తే తెలిసింది.

ఫాల్క్‌బీర్ (బంటు తీసుకోకుండా నల్లపావులవాళ్ళు ఎదురు బంటు ఎర వేసే పద్ధతి) దగ్గరే నిరాశ. రెండో ఎత్తుకి డీ5, మనం ఆ బంటు కొడితే ఈ4, దానికి మన డీ3, ఇంతవరకు ఓకే. కానీ ఈ4 బదులు సీ6 ఆడితే? నాకు రోజూ తగిలేది అదే, దాని గురించి ఒక్క ముక్క లేదు. మెయిల్ పెడితే తర్వాతి అప్‌డేట్‌లో అన్నారు, రెండు నెలలైంది. అప్పటిదాకా గుర్రం సీ3 ఆడి దేవుడి మీద భారం వేస్తున్నా. మూడు స్టార్లు, ఫుల్ రేటుకైతే కొనకండి.