ఎయిర్‌ఫోర్స్ క్యాంపెయిన్ స్ట్రీమర్లు ఆన్‌లైన్లో కొనేవాళ్లకు హెచ్చరిక

అమెరికా ఎయిర్‌ఫోర్స్‌లో మనవాళ్ల పిల్లలు ఉన్నవాళ్లు, వాళ్లకు బహుమతి కొనాలనుకునేవాళ్లు ఇది ఒకసారి చదవండి. మా అక్క కొడుకు శాన్ ఆంటోనియోలోని లాక్‌లాండ్‌లో ట్రైనింగ్ పూర్తి చేశాడని, ఎయిర్‌ఫోర్స్ జెండాతో పాటు జెండా కర్ర పైన వేలాడదీసే క్యాంపెయిన్ స్ట్రీమర్ల (యుద్ధాల్లోని పోరాటాల పేర్లు రాసిన పొడవాటి రిబ్బన్ల) సెట్ ఇద్దామని ఒక ఆన్‌లైన్ షాపులో ఆర్డర్ పెట్టాను. అచ్చం అసలు నమూనాయే, పేర్లన్నీ ఎంబ్రాయిడరీ అని రాశారు, ఫొటోలు కూడా బ్రహ్మాండంగా ఉన్నాయి.

వచ్చింది మాత్రం పలచటి పాలియెస్టర్ గుడ్డ, దాని మీద ప్రింటు. అక్షరాల మీద గోరు పెట్టి గీస్తే రంగు పొడిలా రాలింది. వెనక్కి తిప్పితే ఒక్క దారం కూడా లేదు, ఉత్త తెలుపు. అంచులు మడిచి కుట్టకుండా కత్తిరించి వదిలేశారు, అప్పుడే పోగులు లేస్తున్నాయి.

గుడ్డ సంగతి అలా ఉంచండి, రంగులు చూశాక ఒళ్లు మండిపోయింది. ఈ స్ట్రీమర్ల రంగులు ఎవరికి తోచినట్టు వాళ్లు వేసేవి కావు, ఆ యుద్ధానికి ఇచ్చిన సర్వీస్ మెడల్ రిబ్బన్ రంగులే స్ట్రీమర్‌కీ వస్తాయి. నేను ముఖ్యంగా ఇండియా-బర్మా స్ట్రీమర్ కోసమే సెట్ కొన్నాను, ఎందుకంటే అది మన నేల మీద నుంచి జరిగిన పోరాటం. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944లో అమెరికా బీ-29 బాంబర్లు ఖరగ్‌పూర్ చుట్టుపక్కల రన్‌వేల నుంచే లేచాయి, అస్సాం నుంచి హిమాలయాల మీదుగా చైనాకు సరుకు మోస్తూ కూలిపోయిన విమానాలు వందల్లో ఉన్నాయి. దానికి పసుపు రంగు ఆసియా-పసిఫిక్ రిబ్బన్ ఉండాలి. వీళ్లు యూరప్ వైపుది, అంచుల్లో గోధుమ రంగు, లోపల ఆకుపచ్చ ఉన్నది, తీసుకుని దాని మీద ఇండియా-బర్మా అని కొట్టేశారు. కొరియా స్ట్రీమర్ లేత నీలం, మధ్యలో తెల్ల చార ఉండాలి, ముదురు నీలం పంపారు. ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల గుర్తుగా పెట్టుకునే వస్తువు ఇది, ఇంత నిర్లక్ష్యమా!

ఫోన్ చేస్తే కస్టమ్ ఆర్డర్, వాపసు లేదు అన్నారు. ఫొటోలు పంపాను, ఆ తర్వాత మెయిల్‌కు జవాబే లేదు. క్రెడిట్ కార్డుతో కట్టాను కాబట్టి బ్యాంకులో డిస్ప్యూట్ వేశాను, ఇంకా తేలలేదు. నేరుగా ఖాతాకు పంపమని అడిగే షాపుకు డబ్బు అసలు పంపకండి.

కొనే ముందు ఒక్క స్ట్రీమర్‌కైనా వెనక వైపు ఫొటో, అది కూడా దగ్గర నుంచి తీసింది, అడగండి. ఎంబ్రాయిడరీ అయితే వెనక దారం కనపడి తీరుతుంది. వెడల్పు, పొడవు రాతపూర్వకంగా తీసుకోండి, పెద్ద జెండాలకు వాడేవి రెండుముప్పావు అంగుళాల వెడల్పు, నాలుగు అడుగుల పొడవు ఉంటాయి. వియత్నాం రిబ్బన్ పసుపు మీద మూడు ఎర్ర చారలు, అంచులు ఆకుపచ్చ. షాపువాళ్ల ఫొటోను మెడల్ రిబ్బన్ పక్కన పెట్టి పోల్చండి, తేడా ఉంటే ఆ షాపు జోలికి వెళ్లకండి. పార్సిల్ వచ్చినప్పుడు విప్పుతూ వీడియో తీయండి, గొడవ వస్తే సాక్ష్యంగా పనికొస్తుంది.