మాంట్‌గోమరీ లెగసీ మ్యూజియం: ములాఖత్ బూత్‌ల కోసం అరగంట ఉంచుకోండి

5కి 5. అమెరికాలో నల్లవాళ్ల బానిసత్వం నుంచి ఇప్పటి జైళ్ల దాకా చెప్పే మ్యూజియం ఇది, అలబామా రాష్ట్రంలో ఉంది. అట్లాంటా నుంచి కారులో రెండున్నర గంటలు, టికెట్ 5 డాలర్లు, అందులోనే మ్యూజియం, మూకహత్యల స్మారకం, శిల్పాల పార్కు మూడూ వచ్చేస్తాయి. మేం మూడూ ఒక్కరోజులో చుట్టేద్దామనుకున్నాం, నా తెలివితక్కువ ప్లానే, అలా చేయకండి.

స్మారకం గురించి అందరూ చెప్తూనే ఉంటారు, 800 పైగా స్టీలు దిమ్మెలు, నల్లవాళ్లని మూకలు చంపిన ఒక్కో కౌంటీకి (మన జిల్లా లాంటిది) ఒక్కటి. నేను చెప్పాలనుకున్నది మ్యూజియంలో జైళ్ల భాగం గురించి. ఫోటోలు తీయనివ్వరు, అదీ మంచిదే అయింది, లేకపోతే మావాడు అక్కడ కూడా సెల్ఫీ అనేవాడు. జైల్లో ములాఖత్‌కి ఉండే బూత్‌ల లాంటివి వరసగా పెట్టారు. స్టూలు మీద కూర్చుని రిసీవర్ ఎత్తితే ఎదురుగా స్క్రీన్ మీద మనిషి తన కేసు మనకే చెప్తున్నట్టు చెప్తాడు, చూపు తిప్పుకోవడానికి వేరే దిక్కుండదు.

నిజం చెప్పాలంటే, నేరం చేస్తే జైలు, ఇందులో రంగేముంది అనే బ్యాచ్‌లో నేనూ ఉన్నవాణ్నే. ఈ మ్యూజియం పెట్టిన ఈక్వల్ జస్టిస్ ఇనీషియేటివ్ అనే లాయర్ల సంస్థ వాళ్లే విడిపించిన ఆంథోనీ రే హింటన్ అనే నల్లజాతి మనిషి కేసు చదివాక ఆ మాట అనలేకపోతున్నాను. ఆయన మీద మోపింది రెండు హత్యలు. వాటితో ముడిపెట్టిన మూడో ఘటన, ఒక హత్యాయత్నం, జరిగిన రాత్రి ఆయన 15 మైళ్ల దూరంలో, తాళం వేసిన గోదాములో డ్యూటీలో ఉన్నాడు. అయినా వాళ్లమ్మ ఇంట్లో దొరికిన తుపాకీయే సాక్ష్యమన్నారు. తూటాల నిపుణుడికి 1000 డాలర్లకి మించి అడగకూడదని లాయరు పొరపాటు పడి, ఒక కన్నే కనిపించే సివిల్ ఇంజనీర్‌తో సరిపెట్టాడు. దాదాపు 30 ఏళ్లు మరణశిక్ష గదిలో ఉండి 2015 ఏప్రిల్‌లో బయటికొచ్చాడు. చేతిలో డబ్బుంటే ఆ కేసు మొదటి విచారణలోనే వీగిపోయేదేమో.

ఇదేదో ఒక్కడి దురదృష్టం అనుకోడానికీ లేదు. 1865లో బానిసత్వం రద్దు చేసిన రాజ్యాంగ సవరణలోనే 'నేరానికి శిక్షగా తప్ప' అని ఒక మెలిక ఉంది. ఆ సందులోంచే, పనీపాటా లేకుండా తిరుగుతున్నారని నల్లవాళ్లని పట్టుకుని ఖైదీలుగా గనులకి అద్దెకిచ్చారు, అలబామాలో అది 1928 దాకా నడిచింది. 1986 ఫెడరల్ చట్టం చూడండి: 5 గ్రాముల క్రాక్‌కీ (పొగలా పీల్చే గడ్డ కొకైన్) 500 గ్రాముల పొడి కొకైన్‌కీ కనీస శిక్ష ఒకటే, 5 ఏళ్లు. క్రాక్ కేసుల్లో ఎక్కువగా దొరికింది నల్లవాళ్లు. ఆ 100 రెట్ల తేడాని 2010లో 18 రెట్లకి తగ్గించారు, సమానం మాత్రం చేయలేదు! 2001లో పుట్టిన నల్లజాతి మగపిల్లల్లో ముగ్గురిలో ఒకరు, తెల్లవాళ్లలో 17 మందిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ప్రిజన్‌కి వెళ్తారని ప్రభుత్వ గణాంక సంస్థే అప్పట్లో అంచనా వేసింది.

చిన్నపిల్లలతో వెళ్తే మ్యూజియంలో మొదట వచ్చే భాగాలు భయపెడతాయి, చూసుకోండి. చదవాల్సింది చాలా ఉంటుంది కాబట్టి పొద్దున్నే మ్యూజియంతో మొదలుపెట్టండి. నేను రెండు బూత్‌లే వినగలిగాను, మూడోదాంట్లో రిసీవర్ ఎత్తేసరికి మావాళ్లు పార్కుకి టైమవుతోందని పిలిచారు, అతను మాట్లాడుతుండగానే పెట్టేసి వచ్చాను.