రూ.80 వేల గేమింగ్ పీసీ: మూడు ఎండాకాలాలు వాడాక ఏ పార్టు ఎలా ఉంది

ఈ పీసీని 2022 చివర్లో సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ అనే కంప్యూటర్ షాపుల సముదాయంలో విడి పార్టులుగా కొన్నాం. అప్పటి నుంచి ఖమ్మంలో మా ఇంట్లో దాదాపు రోజూ నడుస్తోంది. సాయంత్రాలు నాది, సెలవులొస్తే మా తమ్ముడిది. కొన్న వారంలోనే రాసే రివ్యూల్లో సెకనుకు ఎన్ని ఫ్రేములు (తెర మీద మారే బొమ్మలు) వచ్చాయన్నదే ఎక్కువగా ఉంటుంది. ఎండ, దుమ్ము, కరెంటు కోతలు చూసిన తర్వాత మెషిన్ ఎలా ఉందో చెప్పేవాళ్లు తక్కువ. మొదటిసారి కొనేవాళ్లకు అదే ఎక్కువ పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

తక్కువ బడ్జెట్‌లో గేమింగ్ పీసీ అంటే డబ్బులో పెద్ద వాటా గ్రాఫిక్స్ కార్డుకు పోవాలి. ఆ తర్వాత చూడాల్సింది ప్రాసెసర్ కాదు, ఎస్‌ఎంపీఎస్, అంటే పార్టులన్నిటికీ కరెంటు అందించే డబ్బా. మూడేళ్లలో ఈ నమ్మకం నాకు ఇంకా గట్టిపడింది.

మేం తీసుకున్నవి ఇవి. ప్రాసెసర్ ఏఎండీ రైజెన్ 5 5600, సుమారు 13,500. బీ550 చిప్‌సెట్ ఉన్న చిన్న సైజు మదర్‌బోర్డు 9 వేలు. 8 జీబీ ర్యామ్ స్టిక్కులు రెండు, డీడీఆర్4 3200, 4,500. గ్రాఫిక్స్ కార్డు ఆర్‌ఎక్స్ 6600, 24 వేలు. విండోస్, గేములు ఉంచుకునే 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ 4 వేలు. 550 వాట్ల బ్రాంజ్ రేటింగ్ ఎస్‌ఎంపీఎస్ 4,500. ముందువైపు జాలీ ఉన్న క్యాబినెట్ 4 వేలు. 24 అంగుళాల 144 హెర్ట్జ్ (సెకనుకు 144 ఫ్రేములు చూపగల) మానిటర్ 13 వేలు, యూపీఎస్ మూడున్నర వేలు. అన్నీ కలిపి 80 వేల దగ్గర తేలింది. కీబోర్డు, మౌస్ ఇంట్లో ఉన్నవే వాడుకున్నాం.

కొన్న సమయం బాగా కలిసొచ్చింది. 2021లో క్రిప్టో మైనింగ్ (గ్రాఫిక్స్ కార్డులను నడిపి క్రిప్టో కరెన్సీ సంపాదించడం) వల్ల గ్రాఫిక్స్ కార్డుల ధరలు ఆకాశంలో ఉండేవి. 2022 సెప్టెంబరు 15న ఎథీరియం అనే క్రిప్టో కరెన్సీ మైనింగ్ పద్ధతినే వదిలేసింది. దాంతో కొత్త కార్డుల ధరలు దిగొచ్చాయి, మైనింగ్‌లో రాత్రింబవళ్లు నడిచిన పాత కార్డులు మార్కెట్ నిండా వచ్చిపడ్డాయి. అవి చూడ్డానికి చవక. కానీ బిల్లు లేదు, వారంటీ లేదు, ఫ్యాన్లు అరిగి ఉంటాయి. మొదటి పీసీ కట్టే మనిషికి కార్డులో తేడా ఉందా, మిగతా పార్టుల్లో ఉందా అని పట్టుకోవడమే కష్టం. అందుకే కార్డు వరకు కొత్తదే కొనాలన్నది నా అభిప్రాయం. రెండో పీసీకి సెకండ్ హ్యాండ్ కార్డు కొనుక్కోవచ్చు, అప్పటికి చేయి తిరిగి ఉంటుంది.

షాపుల్లో తరచూ వినిపించే మాట ఒకటుంది: "అన్నా, ముందు ఐ7 ప్రాసెసర్ తీసుకోండి, గ్రాఫిక్స్ తర్వాత వేయించుకోవచ్చు." ఆఫీసు పనికైతే సరే. గేముల విషయంలో ఇది తలకిందుల సలహా. 1080పీలో (ఫుల్ హెచ్‌డీలో) పెద్ద గేములు ఆడేటప్పుడు చాలాసార్లు ప్రాసెసర్ ఖాళీగా కూర్చుని కార్డు కోసం ఎదురుచూస్తుంది. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరసలు) ఉన్న 5600 నాకు ఈ మూడేళ్లలో తక్కువైన సందర్భం లేదు. ఇంకా తక్కువలో కావాలంటే నాలుగు కోర్ల ఇంటెల్ ఐ3-12100ఎఫ్ కూడా అప్పట్లో మంచి ప్రాసెసరే. అందులో మిగిలే డబ్బు కార్డులో పెట్టినా తప్పులేదు.

ఒక్క అక్షరం తేడాతో 5600జీ అని ఇంకోటి ఉంది. దాంట్లోనే గ్రాఫిక్స్ ఉంటుంది కాబట్టి "కార్డు అవసరం లేదు" అని అమ్ముతారు. ఇప్పట్లో కార్డు కొనే ఆలోచన లేనివాళ్లకు అది మంచిదే, తేలికపాటి గేములు నడుస్తాయి. కార్డు వేసుకునేవాళ్లకు మాత్రం 5600 మేలు. 5600జీలో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ) సగమే, 32 ఎంబీ బదులు 16 ఎంబీ. పీసీఐఈ (కార్డుకూ ప్రాసెసర్‌కూ మధ్య దారి) కూడా మూడో తరం దగ్గరే ఆగిపోతుంది. దాని పక్కన ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ లాంటి కార్డు పెడితే ఇంకా నష్టం. ఆ కార్డు ఈ దారిలో నాలుగు లేన్లే వాడుకుంటుంది, నాలుగో తరం స్లాటు లేకపోతే దాని వేగం బాగా పడిపోతుంది.

ఇక 6600 గురించి. 8 జీబీ మెమరీ, 132 వాట్లు, 1080పీకి సరిగ్గా సరిపోయే కార్డు. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటివి మానిటర్ 144 హెర్ట్జ్‌కు మించి ఫ్రేములిస్తాయి. జీటీఏ 5 సెట్టింగ్స్ దాదాపు అన్నీ పెంచినా హాయిగా నడుస్తుంది. ఎల్డెన్ రింగ్‌కు గేమే 60 ఫ్రేముల పరిమితి పెట్టుకుంది, దాదాపు అక్కడే నిలకడగా ఉంటుంది. సైబర్‌పంక్ 2077ను హై సెట్టింగ్స్‌లో 60 అటూ ఇటూగా ఆడాను. రే ట్రేసింగ్ (వెలుగునీడల్ని నిజంలా లెక్కగట్టి చూపే పద్ధతి) ఆన్ చేస్తే మాత్రం ఈ తరగతి కార్డు నిలబడలేదు, ఆ ఆశతో కొనొద్దు. అప్పట్లో దాదాపు ఇదే ధరలో ఆర్‌టీఎక్స్ 3050 కూడా ఉండేది. మామూలు గేముల్లో 6600 దానికంటే వేగం. వీడియో ఎడిటింగ్, స్ట్రీమింగ్ ఎక్కువగా చేసేవాళ్లకు ఎన్విడియా వైపు లాభాలున్నాయి, కాదనను. నేను ఆడటానికి కొన్నాను కాబట్టి ఫ్రేములే చూశాను.

ఇంకొంచెం తగ్గించి నాలుగు జీబీల జీటీఎక్స్ 1650 తీసుకున్నవాళ్లు నాకు తెలిసినవాళ్లలో ఉన్నారు. మిగిలింది కొన్ని వేలు. 2023 నుంచి వచ్చిన పెద్ద గేములకు నాలుగు జీబీ అసలు చాలడం లేదు. 2025లో వచ్చిన డూమ్: ది డార్క్ ఏజెస్‌కు రే ట్రేసింగ్ హార్డ్‌వేర్ తప్పనిసరి, 1650లో అది లేదు. ఆ గేమ్‌కు ఏఎండీ వైపు కనీస కార్డుగా చెప్పింది సరిగ్గా ఆర్‌ఎక్స్ 6600నే. అంటే నా కార్డు కూడా ఇప్పుడు గీత మీద ఉందన్నమాట. 8 జీబీ ఉన్నా కొత్త గేముల్లో టెక్స్చర్లు (వస్తువుల పైపొర బొమ్మల నాణ్యత) ఒక మెట్టు దించాల్సి వస్తోంది. మూడేళ్లకు ఇది న్యాయమైన వయసే అనుకుంటున్నాను.

ర్యామ్ ఎప్పుడూ జంటగా కొనండి. 16 జీబీ ఒకే స్టిక్కు వేసి "తర్వాత ఇంకోటి వేద్దాం" అనడం షాపుల్లో మామూలు. ఒక స్టిక్కు ఉంటే మెమరీకి ఒక దారే ఉంటుంది, డీడీఆర్4 3200లో సెకనుకు 25.6 జీబీ. రెండుంటే అది 51.2 అవుతుంది. సగటు ఫ్రేముల కంటే మధ్యమధ్యలో వచ్చే కుదుపులు తగ్గడంలో ఈ తేడా బాగా తెలుస్తుంది. నాలుగు స్లాట్ల బోర్డయితే ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి. బయోస్‌లో (బోర్డు సొంత సెట్టింగ్స్‌లో) ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ను దాని అసలు వేగంతో నడిపే సెట్టింగ్, ఆన్ చేయకపోతే 3200 ర్యామ్ 2133 దగ్గరో 2666 దగ్గరో నడుస్తూ ఉంటుంది. షాపులో బిగించి ఇచ్చిన పీసీల్లో ఇది వదిలేసి ఉండటం నేను చాలా చూశాను. టాస్క్ మేనేజర్‌లో మెమరీ స్పీడు చూస్తే వెంటనే తెలిసిపోతుంది. మానిటర్‌దీ అదే కథ. 144 హెర్ట్జ్ మానిటర్ కొని, విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 60ని అలాగే ఉంచేసి ఏళ్లు ఆడినవాళ్లున్నారు.

ఇప్పుడు ఎస్‌ఎంపీఎస్, కరెంటు. మన ఊళ్లలో పీసీకి అసలు పరీక్ష ఇదే. 500 రూపాయలకో 800కో క్యాబినెట్‌తో పాటు వచ్చే ఎస్‌ఎంపీఎస్‌లు ఉంటాయి, స్టిక్కరు మీద 450 వాట్లు అని రాసి ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డు ఉన్న పీసీలో అలాంటిది పెట్టకూడదు. వోల్టేజీ ఎగిరినప్పుడు మంచి ఎస్‌ఎంపీఎస్ తను ఆగిపోయి మిగతా పార్టులను కాపాడుతుంది, నాసిరకంది తనతోపాటు బోర్డునో కార్డునో తీసుకుపోతుంది. మాకు ఎండాకాలంలో, వాన మొదలయ్యే ముందు గాలిదుమారాల్లో కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. ఇన్ని కోతల్లోనూ మా ఎస్‌ఎంపీఎస్ ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు. బ్రాంజ్ రేటింగ్ అన్నది కరెంటు ఎంత పొదుపుగా వాడుతుందో చెప్పేదే, నాణ్యతకు పూర్తి హామీ కాదు. ఐదేళ్ల వారంటీ ఇస్తున్నారా అన్నది దానికంటే నమ్మదగిన గుర్తు.

ఈ మెషిన్ గేమ్ ఆడేటప్పుడు మానిటర్‌తో కలిపి 250 వాట్ల లోపే తీసుకుంటుంది. నాలుగు గంటలు ఆడితే ఒక యూనిట్. అందుకే 600 వీఏ యూపీఎస్, అంటే సుమారు 360 వాట్లది, సరిపోయింది. అది గంటలు నిలబడదు, గేమ్ సేవ్ చేసి షట్‌డౌన్ చేసుకునే టైమిస్తే చాలు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా, యూపీఎస్ ఎందుకు అని చాలామంది అడుగుతారు. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే లోపు చిన్న ఖాళీ ఉంటుంది. ఎస్‌ఎంపీఎస్ తనలో దాచుకున్న కరెంటుతో ఆపగలిగేది సుమారు 16 మిల్లీసెకన్లు. ఇన్వర్టర్ అంతకంటే ఆలస్యం చేస్తే పీసీ రీస్టార్ట్ అవుతుంది. కొన్ని ఇన్వర్టర్లకు వెనకాల యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటుంది, ప్యూర్ సైన్ వేవ్ (మామూలు కరెంటులాంటి నునుపైన కరెంటిచ్చే) రకమై ఆ మోడ్‌లో పెడితే పీసీని నడపగలదు. పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద గేమింగ్ పీసీ పెట్టకండి. ప్లగ్ పాయింట్‌కు ఎర్తింగ్ ఉందో లేదో ముందే ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. క్యాబినెట్ ముట్టుకుంటే సన్నగా జివ్వుమంటోందంటే ఎర్తింగ్ లేదని అనుమానించాల్సిందే.

ఎండ సంగతి. ఖమ్మంలో మే నెల 44, 45 డిగ్రీలు. ఏసీ లేని గదిలో ఈ పీసీ నడిచింది. ప్రాసెసర్‌తో డబ్బాలో వచ్చే చిన్న ఫ్యాన్ చలికాలంలో బాగానే ఉంటుంది, మే మధ్యాహ్నం మాత్రం హోరెత్తిపోతుంది, వేడి 80 డిగ్రీలు దాటుతుంది. 5600కు 90 డిగ్రీలు హద్దు. మొదటి ఎండాకాలంలోనే రెండు వేల లోపు టవర్ కూలర్ ఒకటి వేశాక చప్పుడూ తగ్గింది, వేడీ తగ్గింది. మన ప్రాంతంలో దీన్ని మొదటి రోజు బడ్జెట్‌లోనే రాసుకోవాలి. ముందంతా అద్దం ఉండి లోపల రంగు లైట్లు వెలిగే క్యాబినెట్లు చూడ్డానికి బాగుంటాయి, కానీ మూత పెట్టిన గిన్నెలో ఉడికినట్టు కార్డు ఉడుకుతుంది. ముందు జాలీ, రెండు ఫ్యాన్లు లోపలికి, ఒకటి బయటికి. అంతే చాలు. గేముల్లో ఫ్రేములను 120 దగ్గర ఆపేస్తే ఆటలో తేడా తెలియదు, గది మాత్రం తెలిసేలా చల్లబడుతుంది.

దుమ్ము ఇక్కడ మామూలుగా ఉండదు, చుట్టూ గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లే. రెండు మూడు నెలలకోసారి ఫిల్టర్లు కడిగి, బ్లోయర్‌తో లోపల ఊదుతాం. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోవాలి. వదిలేస్తే గాలికి మరీ వేగంగా తిరిగి బేరింగ్ పాడయ్యే ప్రమాదం ఉంది.

మూడేళ్లలో చెడింది ఒక్కటే, ర్యామ్ స్టిక్కు. రెండో ఏడాదిలో పీసీ ఉన్నట్టుండి నీలం స్క్రీన్ చూపించడం మొదలైంది. ఒక్కో స్టిక్కే పెట్టి చూస్తే ఏదో తెలిసింది. జీఎస్టీ బిల్లు, దాని మీద సీరియల్ నంబరు ఉండబట్టి కొత్తది ఇచ్చారు, కాకపోతే ఎదురుచూడ్డం ఎక్కువైంది. బిల్లు లేకుండా వెయ్యి తగ్గిస్తామంటే ఒప్పుకోవద్దు. బాక్స్ ప్రాసెసర్ అడగండి, డబ్బా లేకుండా విడిగా అమ్మే ట్రే ప్రాసెసర్ వద్దు. బాక్స్‌కు ఏఎండీ వారంటీ మూడేళ్లు ఉంటుంది, ట్రేకు చాలాసార్లు షాపువాళ్లు ఇచ్చేదే వారంటీ.

నాకు తక్కువనిపించింది ఎస్‌ఎస్‌డీ. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 ఒక్కటే 150 జీబీ అడుగుతుంది, 500 జీబీలో విండోస్ పోను పెద్ద గేములు రెండు మూడుకు మించి పట్టవు. బోర్డులో రెండో ఎం.2 స్లాటు (ఎస్‌ఎస్‌డీ పెట్టే చోటు) ఉండటం వల్ల తర్వాత 1 టీబీ వేసుకున్నాం. బోర్డు కొనేటప్పుడు రెండు ఎం.2 స్లాట్లు, నాలుగు ర్యామ్ స్లాట్లు ఉన్నాయా అని చూడటానికి కారణం ఇదే.

ఇప్పుడు ఇదే జాబితా పట్టుకుని మార్కెట్‌కు వెళ్తే లెక్క మారుతుంది. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి, ఏఐ డేటా సెంటర్లు మెమరీని లాగేసుకోవడమే ప్రధాన కారణం. ఏఎండీ కొత్త ప్రాసెసర్ల ఏఎం5 బోర్డులు డీడీఆర్5 ర్యామ్ మాత్రమే తీసుకుంటాయి. కాబట్టి ఎవరి దగ్గరైనా పాత పీసీలో డీడీఆర్4 స్టిక్కులు ఉంటే అమ్మేయకుండా ఏఎం4 బోర్డు (మాది ఆ పాత రకమే), 5600తో మొదలుపెట్టడం ఇప్పటికీ తెలివైన పనే. ఇలాంటప్పుడు ర్యామ్‌కు పెరిగిన ఖర్చును ఎస్‌ఎంపీఎస్‌లోంచి కోయొద్దు. లైట్ల క్యాబినెట్, ఖరీదైన బోర్డు, గేమింగ్ కుర్చీ, వీటిలోంచి కోయండి.

మా పీసీలో మార్చాల్సింది కార్డు ఒక్కటే. 16 జీబీ మెమరీ ఉన్న ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ మీద కన్నుంది. అది 160 వాట్లే తీసుకుంటుంది కాబట్టి ఎస్‌ఎంపీఎస్, బోర్డు, యూపీఎస్ వేటినీ కదపక్కర్లేదు. 6600ని మా బాబాయి కొడుకు ఇప్పుడే అడిగి పెట్టుకున్నాడు.