2009 పాంటియాక్ వైబ్: పాత కారు కొనేవాళ్ళకి నా మాట

మిషిగన్‌లో తక్కువ డబ్బులకి పాత కారు వెతుక్కుంటున్నవాళ్ళు, ముఖ్యంగా కొత్తగా వచ్చిన స్టూడెంట్లు, లిస్టులో పాంటియాక్ వైబ్ అని కనపడగానే పక్కకి తోసెయ్యకండి. తోసేస్తారని తెలుసు. మనవాళ్ళలో ఎవరికి చెప్పినా మొదట వచ్చే ప్రశ్న, మూతపడిన బ్రాండుకి స్పేర్ పార్టులు ఎక్కడ దొరుకుతాయి అనే. సబబైన ప్రశ్నే. దానికి జవాబు ఏమిటంటే, బానెట్ ఎత్తి చూస్తే అది టయోటా మేట్రిక్స్. ఇంజన్, గేర్‌బాక్స్, సస్పెన్షన్ అన్నీ వాళ్ళవే. పాంటియాక్ బ్రాండు సొంతదారులైన జనరల్ మోటార్స్ వాళ్ళు ముందు భాగం తమ పద్ధతిలో చేయించి, తమ బ్యాడ్జీ పెట్టి అమ్ముకున్నారు, అంతే. నేను 2009 మోడల్, 1.8 లీటర్ ఆటోమేటిక్ చాలా ఏళ్ళుగా నడుపుతున్నాను. ఇది దాని గురించే, కానీ ఈ కారు గురించి రాస్తూ ఇది ఎందుకు ఆగిపోయిందో రాయకుండా ఉండలేను, కాబట్టి కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు వాడకం సంగతి. వెనక సీట్లు మడిస్తే డిక్కీ నుంచి ముందు సీట్ల దాకా చదునుగా అయిపోతుంది, ముందు పక్క సీటు కూడా మడతపడుతుంది కాబట్టి కాంటన్ ఐకియాలో కొన్న పొడుగాటి అట్టపెట్టెలు డాష్‌బోర్డు దాకా తోసెయ్యొచ్చు. డిక్కీలో కార్పెట్ ఉండదు, గట్టి ప్లాస్టిక్. చూడ్డానికి చవగ్గా ఉంటుంది గానీ ఉగాది ఫంక్షన్‌కి సాంబారు ట్రేలు మోసుకెళ్ళేవాళ్ళకి దాని విలువ తెలుస్తుంది, ఒలికినా తడిగుడ్డతో తుడిచేస్తే సరి. సోనా మసూరి బస్తాలు, ఎయిర్‌పోర్టు నుంచి అత్తమామల పెద్ద సూట్‌కేసులు, ఇల్లు మారుతున్న రూమ్మేట్ల పరుపులు, దీంట్లో ఎక్కనివి తక్కువ. బయట నుంచి చూస్తే ఇంత స్థలం ఉంటుందని ఎవరూ అనుకోరు.

ఇంజన్ 132 హార్స్‌పవర్. సిటీలో చాలు. ఫ్రీవే ర్యాంపు మీద ట్రక్కులు వస్తున్నప్పుడు మాత్రం కాలు బలంగా తొక్కాలి, నాలుగు గేర్ల ఆటోమేటిక్ కదా, గేరు దిగి ఇంజన్ గట్టిగా అరుస్తుంది, వేగం నిదానంగా వస్తుంది. వెనక మూలల్లో స్తంభాలు లావు, రివర్స్ చేసేటప్పుడు మెడ బాగా తిప్పాలి, ఆ రోజుల్లో రివర్స్ కెమెరా అందరికీ ఇచ్చేవాళ్ళు కాదు. లోపల ప్లాస్టిక్ అంతా ప్లాస్టిక్ లాగే ఉంటుంది. హైవే మీద గ్యాలన్‌కి 30 మైళ్ళకి అటూ ఇటూ వస్తుంది, ఇప్పటి హైబ్రిడ్లతో పోలిస్తే ఏమీ కాదు, ఆ కాలానికి మంచి లెక్కే. అద్దం పక్కన ఆన్‌స్టార్ బటన్ (నొక్కితే సెల్ నెట్‌వర్క్ మీద సాయానికి మనిషిని కలిపేది) ఉంటుంది, మేట్రిక్స్‌లో లేనిది ఇదొకటి, పాత సెల్ నెట్‌వర్కులు ఆపేశాక అది ఉత్త అలంకారం.

ఇక ధర. నేను కొనేముందు చూసిన ప్రకటనల్లో ఒకే ఏడాది, ఒకే ఇంజన్, దాదాపు ఒకే మైలేజీ తిరిగిన మేట్రిక్స్ కంటే వైబ్ ప్రతిసారీ తక్కువకే ఉంది. ఒకే పిండితో పోసిన దోశ రెండు హోటళ్ళలో రెండు రేట్లకి అమ్మినట్టు. ఇంకా విచిత్రం, కొత్తగా అమ్మినప్పుడు వారంటీ ఎక్కువ ఇచ్చింది జనరల్ మోటార్సే. ఇంజన్, ట్రాన్స్‌మిషన్లకి వాళ్ళు లక్ష మైళ్ళ హామీ ఇస్తే, టయోటా వాళ్ళు 60,000 మైళ్ళకే ఇచ్చారు. అదే ఇంజన్‌కి ఎక్కువ హామీ ఇచ్చినా జనం ఎక్కువ డబ్బు పెట్టి తక్కువ హామీ ఉన్నదే కొన్నారు. నా లెక్కలో డెట్రాయిట్ కంపెనీలు ఎందుకు దివాలా తీశాయో తెలుసుకోవడానికి పెద్ద పుస్తకాలు అక్కర్లేదు, ఈ రెండు ధరల మధ్య తేడా చూస్తే చాలు. ఆ తేడా ఒక్క ఏడాదిలో వచ్చింది కాదు, డెబ్బైలు, ఎనభైల్లో సరిగ్గా చెయ్యని కార్లు కొని విసిగిపోయిన తండ్రులు పిల్లలకి చెప్పుకుంటూ వచ్చిన మాట అది.

కారు తయారైన చోటు గురించి చెప్పకపోతే ఈ కథ సగమే. వైబ్ మిషిగన్‌లో పుట్టలేదు, కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్‌లో, నుమ్మి అనే ఫ్యాక్టరీలో. అది మొదట పూర్తిగా జనరల్ మోటార్స్‌దే. కార్మికులు సరిగ్గా రారు, వచ్చినా గొడవలు, కార్లు నాసిరకం అని పేరు మోసి 1982లో మూతపడింది. 1984లో టయోటాతో కలిసి మళ్ళీ తెరిచారు. తీసుకున్నది చాలావరకు ఆ పాత కార్మికులనే, యూనియన్ కూడా అదే. మారింది పని పద్ధతి. లైన్ మీద తప్పు కనపడితే ఏ కార్మికుడైనా తాడు లాగి లైన్ ఆపొచ్చు, అంతకుముందు ఏం జరిగినా లైన్ ఆగకూడదు, తప్పుతోనే కారు బయటికి పోవాలి, తర్వాత చూసుకుందాం అన్న లెక్క. కొద్ది కాలంలోనే అదే మనుషుల చేతుల మీదుగా జపాన్‌కి తీసిపోని కార్లు వచ్చాయి. అంటే పాఠం జనరల్ మోటార్స్ ఇంట్లోనే దొరికింది, పాతికేళ్ళ పాటు కళ్ళెదురుగానే ఉంది. మేనేజర్లు వెళ్ళి చూసి వచ్చారు, తమ మిగతా ఫ్యాక్టరీల్లో మాత్రం ఆ పద్ధతి నత్తనడక నడిచింది. నాకు ఈ కంపెనీ మీద ఉన్న కోపమంతా ఇక్కడే, డబ్బు లేకో తెలివి లేకో పోతే జాలిపడేవాణ్ణి.

జాలిపడాల్సిన విషయాలూ ఉన్నాయి, అవీ చెప్పాలి. పనిలో ఉన్న, రిటైరైన కార్మికుల వైద్య ఖర్చులు కలిపి ఒక్కో కారు మీద సుమారు 1,500 డాలర్లు పడేవని అప్పట్లో బాగా వినపడిన లెక్క, కారులో ఉండే ఉక్కు ఖర్చు కంటే అదే ఎక్కువని చెప్పుకునేవాళ్ళు. దక్షిణ రాష్ట్రాల్లో కొత్తగా ఫ్యాక్టరీలు పెట్టిన జపాన్, జర్మనీ కంపెనీలకి ఆ బరువు లేదు. చిన్న కారులో ఆ బరువుతో లాభం రాదు, పికప్‌లూ ఎస్‌యూవీల్లోనే వస్తుంది, కాబట్టి పెట్రోలు చవగ్గా ఉన్నన్నాళ్ళూ అవే చేశారు. 2008 జూన్‌లో గ్యాలన్ 4 డాలర్లు దాటేసరికి ఆ పెద్ద బండ్లు లాట్లలోనే నిలబడిపోయాయి, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు చిన్న కార్లు కావాలన్నారు. వైబ్ కొత్త మోడల్ సరిగ్గా ఆ ఏడాదే వచ్చింది, పాపం, చేతిలో ఉన్న సరైన కారు. సెప్టెంబరులో బ్యాంకులు కుప్పకూలాయి. కొనాలని ఉన్నవాడికి కూడా లోన్ లేదు. అమెరికాలో 2007లో కోటీ అరవై లక్షల బండ్లు అమ్ముడుపోతే 2009లో కోటీ నాలుగు లక్షలే.

ఆ తర్వాతది అందరికీ తెలిసిందే. నవంబరులో జనరల్ మోటార్స్, ఫోర్డ్, క్రైస్లర్ పెద్దలు ముగ్గురూ ప్రైవేటు జెట్లలో వాషింగ్టన్ వెళ్ళి సాయం అడగడం, తిట్లు తిని డిసెంబరులో కార్లలో వెళ్ళడం, సెనేట్ కాదంటే బుష్ 1,740 కోట్ల డాలర్లు అప్పుగా ఇవ్వడం, ఒబామా వచ్చాక మార్చిలో జనరల్ మోటార్స్ అధిపతి రిక్ వ్యాగనర్‌ని దింపెయ్యడం. ఫోర్డ్ ఒక్కటే ఈ దివాలా తప్పించుకుంది. వాళ్ళు ముందుచూపుతో 2006లోనే తమ నీలం లోగోతో సహా ఆస్తులు తాకట్టు పెట్టి 2,300 కోట్ల డాలర్లకి పైగా అప్పు తెచ్చి పెట్టుకున్నారు. ఇప్పటికీ ఫోర్డ్ ఎంప్లాయీలు ఆ మాట కాస్త గర్వంగానే చెప్తారు. ఆ రోజుల్లో నాకు నవ్వూ బాధా రెండూ తెప్పించింది మాత్రం వారంటీ సంగతి. కంపెనీ ఉంటుందో పోతుందో అని జనం కొనడం మానేస్తే, జనరల్ మోటార్స్, క్రైస్లర్ కార్ల వారంటీకి ప్రభుత్వమే పూచీ ఉంటుందని 2009 మార్చి 30న ఒబామా స్వయంగా చెప్పాల్సి వచ్చింది. కారు ట్రాన్స్‌మిషన్‌కి దేశాధ్యక్షుడు హామీ!

2009 ఏప్రిల్ 27న పాంటియాక్ బ్రాండునే ఎత్తేస్తున్నామని ప్రకటన వచ్చింది. డెట్రాయిట్‌కి పైన ఉన్న పాంటియాక్ ఊరి పేరు, 1926 నుంచి నడిచిన పేరు. జూన్ 1న జనరల్ మోటార్స్ దివాలా పిటిషన్ వేసింది. ఆ నెలలోనే నుమ్మి నుంచి తప్పుకుంది, ఆగస్టులో చివరి వైబ్ బయటికి వచ్చింది. తర్వాత ఏడాది ఏప్రిల్ 1న టయోటా కూడా ఆ ఫ్యాక్టరీ మూసేసింది. ఇప్పుడు అక్కడ టెస్లాలు తయారవుతున్నాయి, 4.2 కోట్ల డాలర్లకి కొట్టేశారు. బే ఏరియాలో ఉన్న మనవాళ్ళు 880 ఫ్రీవే మీద వెళ్తూ రోజూ చూసే ఫ్యాక్టరీ అదే.

మిషిగన్‌లో మనవాళ్ళకి అది టీవీలో చూసే వార్త కాదు. ఇక్కడి తెలుగువాళ్ళలో చాలామంది ఈ మూడు కంపెనీలకో, వాటికి పార్టులు చేసే సప్లయర్లకో, వాటిలో కాంట్రాక్టు మీదో పనిచేసేవాళ్ళే. నిరుద్యోగం 14 శాతం దాటిన రాష్ట్రంలో ప్రాజెక్టు పోతే హెచ్-1బి వాళ్ళ గతి ఏమిటో చెప్పక్కర్లేదు. పైగా 2009 ఫిబ్రవరిలో వచ్చిన చట్టంలో, ప్రభుత్వ సాయం తీసుకున్న సంస్థలు హెచ్-1బి మీద కొత్తగా తీసుకోవాలంటే అమెరికన్ల కోసం ముందు వెతికామని చూపించాలనే షరతు పెట్టారు. నోవై, ఫార్మింగ్టన్ హిల్స్ అపార్ట్‌మెంట్లలో సామాన్లు అమ్ముకుని టెక్సస్ వెళ్ళినవాళ్ళున్నారు, ఇల్లు కొన్న ధరలో సగం కూడా రాక అమ్ముకోలేక ఉండిపోయినవాళ్ళున్నారు. మా బావగారు అప్పుడు ఒక సప్లయర్ దగ్గర చేసేవారు. శుక్రవారం మధ్యాహ్నం మీటింగ్ అంటే చాలు టెన్షన్, ఎందుకంటే లేఆఫ్‌లు ఎప్పుడూ శుక్రవారమే చెప్పేవాళ్ళట. ఆయన ఇప్పటికీ 'మన కంపెనీ కార్లే కొనాలిరా, లేకపోతే మనకి జీతం ఎవరిస్తారు' అంటారు. నేను వైబ్ కొన్నానంటే సంతోషించారు. లోపల టయోటా అని చెప్పాక మాట మార్చేశారు.

సరే, కొనే సంగతికి వద్దాం. ఒక డీలర్ దగ్గర దీన్ని మార్చుకోవడానికి ధర అడిగితే 'కంపెనీయే లేదు' అని పెదవి విరిచాడు. వాళ్ళ లాట్‌లోనే ఇంకో వైబ్ ఉంది, దాని ధర ఏమిటండీ అంటే 'అసలిది టయోటాయే తెలుసా' అన్నాడు. ఇద్దరు సేల్స్‌మెన్ అనుకునేరు, ఒక్కడే. కాబట్టి ఏ డీలర్ చెప్పినా వినకుండా, వీలైతే ఓనర్ దగ్గరే కొనండి. రిటైరైన ఫ్యాక్టరీ కార్మికుల దగ్గర ఉన్నవి మంచివి. వాళ్ళు ఎంప్లాయీ డిస్కౌంటులో కొని, ఆయిల్ మార్పించిన రసీదులన్నీ దాచిపెట్టి ఉంటారు.

కారు గుర్తింపు నంబరు (విన్) తీసుకుని ప్రభుత్వ రీకాల్ వెబ్‌సైట్‌లో కొట్టి చూడటం తప్పనిసరి. 2009, 2010 వైబ్‌లు టయోటా యాక్సిలరేటర్ పెడల్ రీకాల్‌లో ఉన్నాయి, టకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగుల రీకాల్‌లోనూ ఉన్నాయి. ఎయిర్‌బ్యాగు మార్చకపోతే ప్రాణాపాయం, ఓనర్ 'తర్వాత చేయించుకోండి' అంటే ఒప్పుకోకండి. పాంటియాక్ లేకపోయినా రీకాల్ పనులు జనరల్ మోటార్స్ డీలర్లు ఉచితంగా చేసిపెడతారు. మామూలు పార్టులకి, అంటే ఫిల్టర్లు, బ్రేకులు, వాటర్ పంపు లాంటి వాటికి, అదే ఏడాది మేట్రిక్స్ అని చెప్తే చాలు. ఇబ్బంది ఎక్కడంటే బయటి పార్టులు. ముందు బంపర్, హెడ్‌లైట్లు వైబ్‌వి వైబ్‌కే, ఎవరైనా గుద్దితే జంక్ యార్డుల చుట్టూ తిరగాలి. ఇన్సూరెన్స్ వాడు చిన్న దెబ్బకే కారు టోటల్, అంటే బాగుచేయించడం గిట్టదు, అని తేల్చేస్తాడు, కాబట్టి ఫుల్ కవరేజ్ (మన కారు నష్టానికి కూడా ఇచ్చే ఇన్సూరెన్స్) తీసుకోవడం దండగ.

ఇంజన్ కంటే ముందు తుప్పు చూడండి. చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పుకి ఇక్కడ ఏ కారూ మినహాయింపు కాదు. తలుపుల కింద అంచు, వెనక చక్రాల చుట్టూ, ఎగ్జాస్ట్ గొట్టం, బ్రేక్ లైన్లు, ఇవన్నీ లిఫ్ట్ మీద ఎత్తించి చూసుకోండి, మెకానిక్‌కి ఇచ్చే ఆ కాస్త డబ్బుకి వెనకాడకండి. ఒహాయో కిందికి, టెనెస్సీ వైపు నుంచి వచ్చిన కారైతే ఇంకా మంచిది.

2.4 లీటర్ ఇంజన్ బలంగా ఉంటుంది, దాంతో ఆల్ వీల్ డ్రైవ్ కూడా వచ్చేది, మంచులో బాగుంటుంది. కానీ ఆ రకం ఇంజన్‌కి ఆయిల్ తాగుతుందనే పేరుంది, పెట్రోలూ ఎక్కువే తాగుతుంది. కాలేజీకీ, పార్ట్‌టైమ్ ఉద్యోగానికీ అయితే 1.8 చాలు, దానికి మంచి స్నో టైర్లు వేసుకుంటే డియర్‌బార్న్ నుంచి ఆన్ ఆర్బర్ దాకా ఏ జనవరిలోనైనా వెళ్ళొచ్చు. అదే 1.8లో మాన్యువల్ గేరు ఉన్నది, తుప్పు లేనిది మీకు కనపడి, గేర్లు వెయ్యడం రాక వదిలేస్తే, దయచేసి నాకు ఒక మెసేజ్ పెట్టండి. మా తమ్ముడు ఆగస్టులో వస్తున్నాడు, వాడికి అదే చూస్తున్నాను.