జాగ్రత్త! ‘షిప్ టూరే’ అని చెప్పి బయటి టూర్ అంటగడుతున్నారు

నిన్న రాత్రే తిరిగొచ్చాం. సూట్‌కేసులు విప్పలేదు, కోపమూ తగ్గలేదు. అక్కడక్కడా మాట తూలితే సర్దుకోండి. క్రూజ్ బుక్ చేసుకోబోతున్నవాళ్ళు, ముఖ్యంగా ‘షోర్ టూర్లతో (షిప్ ఆగిన ఊళ్ళో దిగి చూసొచ్చే టూర్లు) కలిపి ప్యాకేజీ’ అని చూసి మురిసిపోతున్నవాళ్ళు, దయచేసి ఇది చదివాకే డబ్బు కట్టండి.

మాకు అమ్మిన ట్రావెల్ ఏజెంట్ల పేరు రాయను. మీలో చాలామందికి తెలిసినవాళ్ళే. ఒక్కసారి రేటు అడిగిన పాపానికి రోజూ పొద్దున్నే గుడ్ మార్నింగ్ బొమ్మతో పాటు ఆఫర్ పంపిస్తారు చూడండి, వాళ్ళు. షిప్ టికెట్ కూడా వాళ్ళ దగ్గరే తీసుకున్నాం. అందులో పేచీ ఏం లేదు, చెప్పిన క్యాబినే ఇచ్చారు. పేచీ అంతా దాంతోపాటు తగిలించిన షోర్ టూర్ల దగ్గరే.

కొనేటప్పుడు నేను గుచ్చి గుచ్చి అడిగింది ఒక్కటే. ఇది షిప్ వాళ్ళ టూరా, బయటివాళ్ళదా? ఎందుకంటే షిప్ వాళ్ళు అమ్మిన టూర్ ఆలస్యమైతే షిప్ ఆగుతుంది. ఆగే వీల్లేకపోతే వాళ్ళ ఖర్చుతోనే మనల్ని తర్వాతి పోర్ట్‌కి చేరుస్తారు. బయటి టూర్ అయితే మన చావు మనం చావాలి. క్రూజ్‌కి వెళ్ళేవాళ్ళు తెలుసుకోవాల్సిన మొట్టమొదటి సంగతి ఇదే, మాకూ తెలుసు. దానికి ఏజెంట్ దగ్గర పనిచేసే అబ్బాయి చెప్పిన జవాబు ఒక్క అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "షిప్ వాళ్ళకీ మాకూ తేడా ఏం లేదు మేడమ్, అంతా ఒకటే. మీరొచ్చేదాకా షిప్ కదలదు."

వోచర్ వచ్చింది. దాని మీద షిప్ బొమ్మ, క్రూజ్ కంపెనీ లోగో, కింద మా బుకింగ్ నంబరు. పైగా షిప్ యాప్‌లో చూపిస్తున్న ధరకంటే తక్కువ. లోకంలో ఉన్న తెలివంతా మాదే అన్నట్టు మా ఆయనా నేనూ ఒకర్నొకరు మెచ్చుకుని మరీ కట్టేశాం.

మొదటి పోర్ట్‌లో టూర్ సజావుగానే జరిగింది. మా కొంప ముంచింది రెండోది.

ఆ రోజు ఆల్ అబోర్డ్ టైమ్, అంటే అందరూ తిరిగి షిప్ ఎక్కేయాల్సిన టైమ్, నాలుగున్నర, అయిదుకి షిప్ బయల్దేరుతుంది. కొత్తవాళ్ళ కోసం ఇక్కడో మాట. కొన్ని పోర్టుల్లో ఊరి టైమూ షిప్ టైమూ ఒకటి కావు. షిప్ తన గడియారం ప్రకారమే నడుస్తుంది, మన ఫోన్ మాత్రం ఒడ్డున సిగ్నల్ అందగానే చెప్పాపెట్టకుండా ఊరి టైముకి మారిపోతుంది. ఆ ఊళ్ళో షిప్ టైమ్ గంట ముందుంది. మా ఆయన చేతి గడియారాన్ని షిప్ టైమ్‌లోనే ఉంచుకున్నారు. వ్యాన్ ఎక్కగానే దాన్ని గైడ్‌కి చూపించి, మాకు నాలుగు అంటే మీకు మూడు, గుర్తుపెట్టుకోండి అని చెప్పారు. గైడ్ చక్కగా తల ఊపాడు. వోచర్‌లోనేమో ‘నాలుగు గంటలకు పోర్ట్ దగ్గర దింపబడును’ అని ఉంది. ఎవరి నాలుగో రాయలేదు.

వ్యాన్‌లో కూర్చున్నాక తెలిసిన రెండో విశేషం, మిగతావాళ్ళెవరూ షిప్ వాళ్ళు కాదు. ఊళ్ళో హోటళ్ళలో దిగినవాళ్ళు. వాళ్ళకి అందుకోవాల్సిన షిప్పూ లేదు, తొందరా లేదు. షిప్ టూర్ అయితే బస్సు నిండా మన షిప్ వాళ్ళే ఉంటారు, చొక్కాకి నంబరు స్టిక్కర్లు అంటించి గుంపులుగా లెక్కపెట్టి దింపుతారు. అక్కడే అనుమానం రావాలి. వచ్చింది కూడా, కానీ అప్పటికే వ్యాన్ కొండ ఎక్కుతోంది.

తిరుగు దారిలో, ప్రోగ్రామ్‌లో లేని ఓ బహుమతుల కొట్టు ముందు ఆపారు. "పదే పది నిమిషాలు" అన్నాడు గైడ్. మేం దిగలేదు. కిటికీలోంచి చూస్తే అంతా కనబడుతూనే ఉంది. వ్యాన్‌లోవాళ్ళు ఏదైనా కొన్నప్పుడల్లా గల్లా దగ్గరున్నావిడ చిన్న చీటీ మీద గీత గీస్తోంది, గైడ్ పక్కనే నిలబడి ఆ గీతలు చూసుకుంటున్నాడు. మా ఆయన వెళ్ళి గడియారం చూపించి బతిమాలారు. "ఇంకా బోలెడు టైముంది సార్" అని తన ఫోన్ తీసి చూపించాడు. ఊరి టైమ్! పొద్దున తల ఊపిన మనిషే. డ్రైవర్‌ని అడిగితే గైడ్ చెప్పందే కదలనన్నాడు. వేరే టాక్సీ చూసుకుందామంటే ఆ కొండదారిలో ఈగ కూడా లేదు. పది నిమిషాలు కాస్తా ముప్పావుగంటయింది.

మమ్మల్ని పోర్ట్ గేటు బయటే దింపేశారు, లోపలికి వాళ్ళ వ్యాన్‌కి పర్మిషన్ లేదట. గేటు నుంచి షిప్ దాకా ఎంత దూరమో వెళ్ళినవాళ్ళకి తెలుసు. మా అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు. ఆవిడ చేయి పట్టుకుని నేను, ముందు పరిగెడుతూ మా ఆయన. మేం ఒడ్డుకి చేరేసరికి షిప్ ఎక్కే వంతెన, అదే గ్యాంగ్‌వే, లోపలికి లాగేశారు. పసుపు హెల్మెట్ పెట్టుకున్న పోర్ట్ మనిషి ఒకడు, లావుపాటి మోకు ఉచ్చుని ఇనప దిమ్మ మీంచి ఎత్తి నీళ్ళలోకి వదిలేశాడు. షిప్‌కీ గట్టుకీ మధ్య నీళ్ళు జానెడు కనిపించాయి, చూస్తుండగానే మనిషి దూకలేనంత అయ్యాయి.

పైన బాల్కనీల్లోంచి జనం చప్పట్లు, ఈలలు. లేటుగా వచ్చి పరిగెత్తేవాళ్ళని వీడియో తీయడం కొందరికి పెద్ద వినోదం. పొద్దున్నే పూల్ పక్క కుర్చీల మీద తువ్వాళ్ళు పరిచేసి మధ్యాహ్నం దాకా పత్తా లేకుండా పోయే పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు, ఆయనతో నేను ముందురోజే తగూ పడ్డాను. రెయిలింగ్ దగ్గర ఫోన్ పట్టుకుని ఆయన కూడా ఉన్నాడు, చెయ్యి ఊపుతూ. పోనివ్వండి. మీరు వెళ్ళినప్పుడు మాత్రం ఆ పని చేయకండి. కింద పరిగెత్తేవాళ్ళలో మోకాళ్ళు నొప్పులున్న ముసలావిడ ఉండొచ్చు.

అప్పుడు ఏజెంట్‌కి ఫోన్ చేశాను. అసలు ఈ పోస్టు రాస్తున్నదే ఆ ఫోన్ కోసం.

"షిప్ వెళ్ళిపోతోందండీ, మీరు వెంటనే వాళ్ళకి ఫోన్ చేసి మేం ఇక్కడే ఉన్నామని చెప్పండి" అన్నాను. నాకు ఊపిరి కూడా అందడంలేదు. అవతల అదే అబ్బాయి, తాపీగా, "వాళ్ళకి మేమెలా చెప్తాం మేడమ్?" అన్నాడు.

"అదేంటి, అంతా ఒకటే అన్నారుగా?"

"టూర్ మాది మేడమ్, షిప్ మాది కాదు కదా. వోచర్ రెండో పేజీ చూడలేదా మీరు?"

ఆ రెండో పేజీ ఫోన్‌లో పెద్దది చేసుకుని చూశాను. బూడిదరంగు అక్షరాల్లో, చీమల బారులా. మార్గమధ్యంలో ఆగినందువల్ల, ట్రాఫిక్ వల్ల, స్థానిక ఆపరేటర్ వల్ల కలిగే జాప్యానికి తమ బాధ్యత లేదట. అంటే ఇంక దేనికి ఉందిరా బాబూ నీ బాధ్యత? అదే మాట అడిగాను, కాస్త గట్టిగానే. "మీరు అరిస్తే నేను హెల్ప్ చేయలేను మేడమ్" అని పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. షిప్ ఇంకా కనుచూపు మేరలో ఉండగానే ఫోన్ టింగుమంది. వాళ్ళ దగ్గర్నుంచే మెసేజ్, ‘మీ టూర్ ఎలా జరిగింది? ఐదు స్టార్లు ఇవ్వండి!’

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అంటారు. వీడు ఏరు దాటడం దాకా కూడా ఆగలేదు.

షిప్ కెప్టెన్‌ని మాత్రం నేను తిట్టను. పోర్ట్‌లో షిప్ నిలబెట్టే చోటుకి గంటల లెక్కన గడువుంటుంది, ఆలస్యమైతే రుసుములు, షిప్‌ని పోర్ట్ బయటిదాకా దారి చూపించి తీసుకెళ్ళే పైలట్ సిద్ధంగా ఉంటాడు, పోయిన సమయం పూడ్చుకోవాలంటే వేగం పెంచి ఇంధనం తగలెయ్యాలి. మూడు వేల మందిని ముగ్గురి కోసం ఆపమనడం న్యాయం కాదు. 2024 మార్చిలో ఆఫ్రికా పడమటి వైపున్న సావో టోమే దీవిలో నార్వీజియన్ డాన్ అనే షిప్ ఇలాగే ఎనిమిది మందిని వదిలేసి పోయింది, గుర్తుందా? వాళ్ళదీ బయటి టూరే. షిప్ ఇంకా లంగరు మీద ఉండగానే కోస్ట్ గార్డ్ పడవలో దగ్గరిదాకా వెళ్ళినా ఎక్కించుకోలేదు. పాపం, దేశాలు దాటుకుంటూ గాంబియా చేరితే షిప్ అక్కడ ఆగలేక ముందుకెళ్ళిపోయింది. చివరికి సెనెగల్ రాజధాని డకార్‌లో ఎక్కారు. ఆ వార్త చదివినప్పుడు ‘టైముకి రావొద్దూ’ అని తీర్పు చెప్పినవాళ్ళలో నేనూ ఉన్నాను లెండి.

తర్వాతి కథ గబగబా చెప్పేస్తాను. షిప్‌లో క్రూజ్ కార్డు స్కాన్ చేసి దిగుతాం కాబట్టి ఎవరు రాలేదో వాళ్ళకి తెలుస్తుంది. మైకులో మా పేర్లు పిలిచారట. రాకపోయేసరికి సెక్యూరిటీవాళ్ళు క్యాబిన్ తెరిచి, సేఫ్‌లోంచి మా పాస్‌పోర్టులు తీసి, పోర్ట్ ఏజెంట్‌కి (ఆ ఊళ్ళో షిప్ కంపెనీ తరఫున పనులు చూసే మనిషి) ఇచ్చి వెళ్ళారు. ఆయనెవరో కవరు పట్టుకుని మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చినప్పుడు నాకు నిజంగా దేవుడు కనిపించాడు. ఇమ్మిగ్రేషన్ ఆఫీసుకీ ఆయనే తీసుకెళ్ళాడు, ఎందుకంటే షిప్ ఆగినంతసేపటికే మాకు అక్కడ ఉండే అనుమతి, వీసా లేదు. అక్కడ కూర్చోబెట్టిన గంటల గురించి రాస్తే మరో పోస్టవుతుంది. ఆ రాత్రి హోటలు, మర్నాడు విమానం, ఆ అప్పటికప్పుడు టికెట్ల రేట్లు తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. అత్తయ్య బీపీ మాత్రలు క్యాబిన్‌లో ఉండిపోయాయి. ఆవిడ ఒక్క మాట అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ. తర్వాతి పోర్ట్‌లో షిప్ ఎక్కాం.

ఇన్సూరెన్స్‌వాళ్ళు వ్యాన్ ఆలస్యమైనట్టు ఆపరేటర్ నుంచి కాగితం తెమ్మన్నారు. మన ఏజెంట్‌గారిని అడిగితే "అలాంటి లెటర్లు మా పాలసీ కాదు" అన్నారు. బహుమతుల కొట్టు దగ్గర ముప్పావుగంట ఆపడం పాలసీనే, దానికి కాగితం ఇవ్వడం మాత్రం కాదు! డబ్బు కార్డుతో కట్టాం కాబట్టి ఆ డబ్బు వెనక్కి ఇప్పించమని బ్యాంకులో డిస్ప్యూట్ వేశాం. ‘అంతా ఒకటే’ అన్నది వాట్సాప్‌లో కూడా రాసి పెట్టాడు, అదొక్కటే మాకిప్పుడు ఆధారం.

ఇంకోటి. మేం షిప్‌లో లేని రోజులకి కూడా టిప్పులు బిల్లులో పడ్డాయి, అవి రోజుకింత అని మనిషికి వాటంతటవే పడతాయి. రిసెప్షన్‌లో అడిగి తీయించేయమని తోటి ప్రయాణికులు చెప్పారు. తీయించలేదు. మేం ఎక్కేసరికి అత్తయ్య మందుల డబ్బా కనబడేలా బల్ల మీద పెట్టి, మంచినీళ్ళ సీసా పక్కనుంచిన క్యాబిన్ అబ్బాయి డబ్బు కోసి ఏజెంట్ మీద కసి తీర్చుకోవడం ఏం న్యాయం?

సరే, ఏం చేయాలంటారా. టూర్ షిప్ వాళ్ళదే అయితే క్రూజ్ కంపెనీ సొంత యాప్‌లో, మీ బుకింగ్ కింద కనిపిస్తుంది. అక్కడ లేదంటే అది షిప్ టూర్ కాదు, వోచర్ మీద ఎన్ని లోగోలున్నా సరే. బయటివాళ్ళందరూ మోసగాళ్ళనీ అనను. షిప్ తప్పితే తర్వాతి పోర్ట్‌కి చేర్చే ఖర్చు మాదేనని రాసిచ్చి నిలబడేవాళ్ళున్నారు, కానీ ఆ మాట ఏ షరతుల మీదో ముందే చదవండి. ఆల్ అబోర్డ్‌కి కనీసం రెండు గంటల ముందు తిరిగొచ్చేదే తీసుకోండి. వ్యాన్‌లో ఇంకెవరెవరు వస్తున్నారో అడగండి. రోజూ ఇచ్చే ప్రోగ్రామ్ కాగితంలోనో యాప్‌లోనో పోర్ట్ ఏజెంట్ నంబరు ఉంటుంది, దిగేముందు ఫోటో తీసుకోండి. ఒక రోజు మందులు, కార్డు, పాస్‌పోర్ట్ కాపీ చేతి సంచీలో ఉంచుకోండి.

వీళ్ళ దగ్గర ఇదే ప్యాకేజీ కొని ఇంకా బయల్దేరనివాళ్ళు ఉంటే, షోర్ టూర్ విడిగా క్యాన్సిల్ చేసుకునే గడువు వోచర్ రెండో పేజీ అడుగున ఉంది. మాకు ప్రయాణానికి పదిహేను రోజుల ముందు దాకా ఇచ్చారు. మీది ఇవాళే చూసుకోండి.