పెన్‌డ్రైవ్ కొనేటోళ్లు జర పైలం

512 జీబీ పెన్‌డ్రైవ్ 450 రూపాయలకే ఇస్తమంటే ఎగబడకుండ్రి. మేం ఎగబడ్డం. మా చెల్లె పీజీ ప్రాజెక్టు అందులనే పోయింది. కొన్నది నల్లగొండ గడియారం సెంటర్ దిక్కు. దుకాణం పేరు రాయను, అసుంటి సరుకు ఒక్కకాడనే ఉండదు.

ప్రాజెక్టు నల్లగొండ పక్కన పానగల్ గుళ్ల మీద. ఛాయా సోమేశ్వరం గర్భగుడిల పొద్దంత నిలిచే నీడ కోసం గంటగంటకు వీడియోలు తీసింది, పచ్చల సోమేశ్వరం గోడల మీది శిల్పాలకైతే లెక్కలేనన్ని ఫోటోలు. లాప్‌టాప్‌ల జాగ లేక అవన్నీ ముందుగాల పెన్‌డ్రైవ్‌ల ఏసింది. ఆఖరుకు వర్డ్‌ల రాసిన ఐదు అధ్యాయాలు కట్ చేసి అందులనే పేస్ట్ చేసింది. కాపీ కాదు, కట్. అప్పుడే తెరిచి చూస్తే అన్నీ సక్కగనే ఉన్నయ్. తెల్లారి ప్రింటుకు పోతే ఒక్క అధ్యాయం తెరుసుకోలే. ఫైల్ పేరుంది, సైజుంది, లోపట మాత్రం ఏం లేదు.

"ఎజెక్ట్ కొట్టకుండ పీకినవ్ గదా" అని నేనే తిట్టిన. పాపం, అది కొట్టే తీసింది.

మిర్యాలగూడల కంప్యూటర్లు బాగుచేసే మా బామ్మర్ది బతికిన ఫోటోలు పక్కకు తీసి, పెన్‌డ్రైవ్ ఖాళీ చేసి, హెచ్‌టూటెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నడిపిండు. అది డ్రైవ్ నిండ రాసి, మళ్ల సదివి చూస్తది. రోజు మీద పట్టింది. తేలిందేందంటే అసలు మెమరీ 16 జీబీ గూడ లేదు. లోపట డ్రైవ్‌ను నడిపే కంట్రోలర్ చిప్‌కు 512 అని అబద్ధం నేర్పిండ్రు, విండోస్ దాన్నే నమ్ముతది. 16 దాటినంక ఏసిందంతా గాలిల కలిసినట్టే. ఫైళ్ల పేర్ల పట్టిక డ్రైవ్ మొదట్లనే ఉంటది గనుక పేర్లు మిగిలినయ్. ముందు ఏసిన ఫోటోలు బతికినయ్, ఆఖరుకు ఏసిన రాత పోయింది. రికవరీ గురించి అడిగితే, "అండ్ల ఎన్నడు రాయబడనే లేదు బావా, ఏం తీయాలె?" అన్నడు.

మరి ఆ పూట ఎట్ల తెరుసుకున్నయ్? విండోస్ అప్పటికి తన ర్యామ్‌ల, అంటే కంప్యూటర్ తాత్కాలిక మెమరీల, దాచుకున్నదాన్నే చూపెట్టిందట. అందుకే పెన్‌డ్రైవ్ తీసి, వేరే కంప్యూటర్‌కు పెట్టి తెరిస్తేనే నమ్మాలె. అప్పటిదాక లాప్‌టాప్‌ల ఉన్నది చెరపొద్దు.

ఇంకోటి, విండోస్ జీబీ లెక్క కట్టే తీరు వేరు గనుక అసలైన 512 జీబీది అండ్ల 476 దగ్గర చూపెడతది. మాది నిండు 500 చూపెట్టింది, "మంచిగనే ఇచ్చిండు" అని సంబురపడ్డం! అయితే నకిలీది 476 గూడ చూపెట్టగలదు, టెస్ట్ పెట్టాల్సిందే.

దుకాణపాయన "సాఫ్ట్‌వేర్ లోపం, మాకేం సంబంధం" అన్నడు. బిల్లు అడగలేదు మేం, అక్కడే సిక్కినం. బిల్లుంటే 1915కు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు, ఫోన్ కొడుతుంటి.

గైడ్ సార్‌కు వాట్సాప్‌ల పంపిన రెండో అధ్యాయం ఒక్కటి దొరికింది. మిగిలిన నాలుగు మళ్ల టైపు చేస్తున్నది. ఇప్పుడు లాప్‌టాప్‌లనే రాసి, వర్డ్ మూసినంకనే కాపీ కొట్టి, దినాం రాత్రి తన మెయిల్‌కు తనే పంపుకుంటున్నది. ఆ పెన్‌డ్రైవ్‌ను నేను సుత్తెతోని పగలగొట్టిన, ఇంకెవలకన్న అమ్ముతరేమో అని.